వానలో నానిన బండికి నేను పెట్టిన బొట్టు

మెకానిక్కు పనికి వచ్చినవాళ్ళను అందరూ అడిగేది స్పానర్ల సైజులు తెలుసా అని. షెడ్డు నడిపిన చివరి ఏళ్ళలో నేను వేరే ప్రశ్న అడిగేవాణ్ణి. "నువ్వు బాగుచేసిన బండి గేటు దాటి పోతూ ఉంటే నీకు కడుపులో ఏమైనా అవుతుందా?" ఏమీ కాదన్నవాణ్ణి బండ్లు కడిగే పనికి పెట్టేవాణ్ణి. అవుతుందన్నవాడి చేతికి స్పానర్ ఇచ్చేవాణ్ణి. నాకు ముప్పై నాలుగేళ్ళపాటు అలా అవుతూనే వచ్చింది. పని మానేసి రెండేళ్ళయినా, వాన కురిసిన మర్నాటి పొద్దున ఫోను మోగితే ఇప్పటికీ అవుతుంది. డాక్టరు దాన్ని గ్యాస్ అన్నాడు. ఆయన కారులో తిరుగుతాడు, ఆయనకేం తెలుసు.

ఇది ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంజను విప్పడం, బిగించడం ఇప్పుడు ఫోన్లోనే నాకంటే బాగా చూపిస్తున్నారు. వాళ్ళు చూపించనిది ఒకటుంది. తాళంచెవిని తిరిగి మనిషి చేతిలో పెట్టే క్షణం. నా మాటలు దాని గురించే.

ఎండితే నోరు మూసుకునే రోగం

రాత్రంతా వానలో నిలబడి, పొద్దున కొంతదూరం నడిచి ఆగిపోయే బండికంటే అబద్ధాలకోరు ఈ వృత్తిలో ఇంకొకటి లేదు. మీ దగ్గరికి తోసుకుని వచ్చేసరికి సగం ఎండి ఉంటుంది. మీరు ఒక్క కిక్కు కొడతారు. పాలు తాగిన పిల్లిలా గురగురమంటుంది. యజమాని ముఖం చిన్నబోతుంది, తన తప్పేదో ఉన్నట్టు. మీరు ప్లగ్గు తుడిచి, క్యాపులోకి గాలి కొట్టి, "సరిపోయింది, తీసుకుపోండి" అంటారు. సరిపోలేదు. అది ఎండింది, అంతే.

ఈ సంగతి నాకు నేర్పినవారు గోవిందరాజులు మామ. మా అమ్మకు వరసకు తమ్ముడు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో పెద్ద బట్టల అంగళ్ళ వెనక, ఒక సందులో ఆయన షెడ్డు. నేను మా ఊరు వాడిపట్టి నుంచి మదురైకి బస్సులో తిరిగి బీఎస్సీ ఫిజిక్స్ చదివి, ఉద్యోగం దొరికేదాకా ఆయన దగ్గర ఉందామని వచ్చాను. ఆ ఉద్యోగం కోసం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాననుకోవచ్చు. మొదటిరోజు నా డిగ్రీ కాగితం చూపించాను. ఆయన దాన్ని రెండువైపులా చూశారు.

"ఫస్ట్ క్లాసా?"

"అవును మామా."

"మంచిది. ఆ డబ్బాలో బోల్టులు ఉండాయి చూడు. అవి ఫస్ట్ క్లాసుగా కడుగు."

వాన బండి వస్తే మామకు ఒక వరస ఉండేది. ముందు ప్లగ్ క్యాపులో చీలిక ఉందా. తరువాత వైర్లు ఒరుసుకుపోయాయా. తరువాత ఎయిర్ ఫిల్టర్ తడిసిందా. తరువాత కార్బొరేటర్ గిన్నెలో నీటి బొట్లున్నాయా. చివర ట్యాంకు. వరస దాటనిచ్చేవారు కాదు. అన్నీ చూశాక బకెట్టుతో నీళ్ళు తెచ్చి, బాగుచేసిన బండిమీదే మగ్గుతో పోసేవారు. యజమానులు లబోదిబోమనేవారు.

"తడిలో వచ్చిన రోగాన్ని తడిలోనే చూడాల," అనేవారు మామ. "ఎండినాక చూస్తే అది నిన్ను చూసి నవ్వతాది."

ఆయన గొప్పవారు. ఆయనలో ఒక దోషం కూడా ఉండేది, దాచడం న్యాయం కాదు. తనవల్ల తప్పు జరిగిందని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. బాగుచేసిన బండి తిరిగి వస్తే, తల ఎత్తకుండానే ఒక మాట అనేవారు: "బంకులో పెట్రోలు సరిలేదు, బంకు మార్చండి." కోయంబత్తూరులో ఉన్న బంకులన్నీ మా షెడ్డువల్ల ఒకసారైనా తిట్లు తిని ఉంటాయి. ఆయన దగ్గర నేను ఆ బకెట్టూ నేర్చుకున్నాను, ఈ మాటా నేర్చుకున్నాను. మాట తేలిక, బకెట్టు బరువు. ఏది ఎక్కువ వాడానో మీరే ఊహించండి.

ఎస్తేరమ్మ బండి

మామ పోయాక షెడ్డు నా చేతికి వచ్చింది. మాకు వచ్చేవాళ్ళలో ఎస్తేరు అనే నర్సు ఉండేది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పని. ఆమె తాతలు ఎప్పుడో మిల్లు పనికి వచ్చిన తెలుగు క్రైస్తవులు. మాకూ వాళ్ళకూ చుట్టరికం లేదు కాని, భాష ఒకటే కాబట్టి "అన్నా" అనేది, నేను "ఎస్తేరమ్మా" అనేవాణ్ణి. భర్త పోయాక ఆయన మోటార్‌సైకిలు ఆమెకు వచ్చింది. వారంలో మూడురోజులు టీకాల పెట్టెను వెనక కట్టుకుని, ఆనైకట్టి దారిలో కొండమీది పల్లెలకు ఆ బండిమీదే పోయేది. స్కూటరు కొనుక్కోమంటే, "ఆ గుంతల్లో స్కూటరు నన్నే మోయమంటాదన్నా" అనేది.

ఆ ఏడు ఆయుధ పూజనాటికి ఆమె బండి సర్వీసుకు వచ్చి మా షెడ్డులోనే ఉంది. పూజరోజు షెడ్డులో ఉన్న ప్రతి బండికీ కడిగి, చందనం కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి ఇవ్వడం మామ కాలంనాటి ఆచారం. బండి తీసుకుపోవడానికి వచ్చిన ఎస్తేరమ్మను అడిగాను, మీకు అభ్యంతరమా అని.

"పెట్టండన్నా. బండికేం మతం? కానీ చక్రానికి చాలు. ట్యాంకుమీద వద్దు, మరక పోదు."

"చక్రానికి పెడితే పాదపూజ అవుతుందమ్మా. ముఖానికి పెట్టవద్దూ?" అని నేను హాస్యమాడాను. ఆ రకం బండిలో పెట్రోలు మూత పైకి లేవకుండా ట్యాంకులోనే ఒదిగి ఉంటుంది. దాని చుట్టూ సన్నని గుంట. బండికి నోరు అదే కదా అని, ఆ మూత చుట్టూ బొటనవేలితో చిక్కగా చందనం దిద్ది, మీద కుంకుమ పెట్టాను. చాలా అందంగా కుదిరింది. అక్కడున్నవాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

పోతూ పోతూ ఆమె, "అన్నా, ముందు బ్రేకు కీచుమంటా ఉండాది. తడిసిందంటే ఊరంతా లేస్తారు," అంది.

"అరిచే బ్రేకు ఆపుతుందమ్మా. అరవనిదాన్ని చూసి భయపడాలి. వచ్చే సర్వీసులో చూద్దాం."

ఈ రెండు హాస్యాలనూ గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం మరచిపోలేకపోయాను.

తరువాతి వారం వానలు మొదలయ్యాయి. ఆమె ఇల్లున్న సందులోకి బండి పట్టదు. సందు మొదట వానలోనే నిలుపుతుంది. రెండోరోజే వచ్చింది.

"పొద్దున బాగానే లేస్తా ఉండాదన్నా. కొంతదూరం పోయినాక మూడుసార్లు దగ్గి, నిలిచిపోతా ఉండాది. కాసేపు నిలిపితే మళ్ళీ వస్తాది."

ప్లగ్ క్యాపు మార్చాను. గాలి కొట్టాను. వీధి చివరిదాకా తొక్కి తెచ్చాను. సరిపోయిందన్నాను. నాలుగోరోజు మళ్ళీ వచ్చింది. కార్బొరేటర్ గిన్నె విప్పితే అడుగున నీటి బొట్లు, పాదరసంలా దొర్లుతూ. తుడిచేశాను. ఆ నీళ్ళు ఎక్కడివి అని అడగవలసిన మనిషి నేను ఒక్కణ్ణే అక్కడ ఉన్నాను. అడగలేదు. ట్యాంకు దింపడానికి ముప్పావు గంట పడుతుంది, బయట ఇంకా తొమ్మిది బండ్లు ఉన్నాయి.

"మేడు ఎక్కేటప్పుడే నిలుస్తా ఉండాదన్నా," అంది ఆమె. మేడు అంటే ఎత్తు. "చదునులో ఏమీ లేదు."

ఈ ఒక్క మాటలో రోగం మొత్తం ఉంది. నేను వినలేదు. పెట్రోలు సరిలేదు, బంకు మార్చండి అన్నాను. ఆమె పాపం నమ్మి, బంకు కుర్రవాణ్ణి నలుగురిలో తిట్టి, బంకు మార్చింది.

ఆరున్నరకు వచ్చిన ఫోను

నాలుగురోజుల తరువాత, పొద్దున షట్టరు తెరుస్తున్నాను. సన్నగా చినుకు. ఫోను మోగింది. ఎస్తేరమ్మ. గొంతు ఎంత చిన్నగా ఉందంటే మొదట లైను బాగాలేదనుకున్నాను.

"అన్నా. బండి నిలిచిపోయె."

"ఎక్కడమ్మా? చోక్ వేసి చూశారా?"

"అన్నా... ముందర పెద్దాయన నిలిచుండారు."

ఆ కొండదారిలో ఏనుగును ఏనుగు అనరు. పెద్దాయన అంటారు.

షట్టరు సగంలో ఉంది. నేను దాని కింద వంగి ఉన్నాను. అలాగే ఉండిపోయాను.

"ఎంత దూరం?"

"మలుపులో. ఇరవై, ముప్పై అడుగులు... వెదురు విరుస్తా ఉండారు. నన్ను చూసినారు."

"ఫారెస్టువాళ్ళకు చేశారా?"

"చేస్తిని. వస్తా ఉండారంట. యాడినుంచి వస్తారో." ఊపిరి వినిపించింది. "అన్నా, ఏం చేస్తే ఇది లేస్తాది, చెప్పండి. కిక్కు కొడితే శబ్దం. పరిగెత్తితే వెనక వస్తారు. టీకాల పెట్టె ఉండాది."

ముప్పై ఏళ్ళ అనుభవంతో నేను అన్నమాట ఇది: "రిజర్వులో పెట్టి చూడండి." అంటూనే, నా నోటిని నేనే మూసుకున్నాను. ఎందుకంటే అప్పుడు, అంత ఆలస్యంగా, ఆమె నాలుగురోజుల కిందట చెప్పిన మాట నా చెవిలో పడింది. మేడు ఎక్కేటప్పుడే.

ట్యాంకులో నీళ్ళున్నాయి. పెట్రోలు కంటే నీళ్ళు బరువు, అడుగున కూర్చుంటాయి. చదునులో పల్చగా పరచుకుని ఉంటాయి, పెట్రోలు దించే ట్యాపు గొట్టం మూతి వాటికి పైన ఉంటుంది కాబట్టి బండికి పెట్రోలే అందుతుంది. ఎత్తు ఎక్కినప్పుడు ట్యాంకు వెనక్కి వాలుతుంది. నీళ్ళన్నీ వెనక్కి, ట్యాపు దగ్గరికి చేరి గొట్టాన్ని ముంచేస్తాయి. రిజర్వు గొట్టం ఇంకా కింద. రిజర్వులో పెడితే ఇంజను తాగేది నీళ్ళే. వాలుతలం మీద బీఎస్సీలో నాకు మంచి మార్కులు వచ్చాయి. మా షెడ్డు ముందు వీధి మాత్రం బల్లలాగా చదును. ఆ బండి నా దగ్గర వందసార్లు పరీక్షకు నిలిచినా ఒక్కసారి కూడా ఆగేది కాదు.

అంటే, ఆ ఎత్తులో ఆ బండి లేవదు. ఆమెకు ఈ మాట చెప్పాలి.

"ఎస్తేరమ్మా, వినండి. అది లేవదు. కిక్కు కొట్టవద్దు. ఇంజను మనకు వద్దు."

షట్టరు కిందినుంచి బయటికి వచ్చి అన్నాను:

"న్యూట్రల్‌లో పెట్టండి. దిగకుండా, రెండు కాళ్ళూ నేలమీద ఉంచి, వెనక్కి జార్చండి. హ్యాండిలు తిప్పితే బండి అడ్డం తిరుగుతుంది. తరువాత పల్లం. పల్లానికి ఇంజను అక్కరలేదు. ఫోను పెట్టేయకుండా రెయిన్‌కోటు జేబులో వేసుకోండి. ఇంకొకటి, ముందు బ్రేకు ముట్టుకోవద్దు. కాలి బ్రేకే."

"సరన్నా," అంది. అంత విధేయంగా ఆమె నాతో ఎన్నడూ మాట్లాడలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

తరువాత నేను విన్నది చెబుతాను. గుడ్డ రాపిడి. చినుకులు. తడి రోడ్డుమీద చక్రం కదిలే జిగట చప్పుడు, ఆగి, మళ్ళీ. దూరంగా వెదురు విరిగిన పెటేలుమనే చప్పుడు. ఆ చప్పుడు నాకు ఊరటగా ఉంది. తింటున్నంతసేపూ మంచిదే. మళ్ళీ చక్రం. అప్పుడు, స్పష్టంగా, పొడుగ్గా, నేను వచ్చే సర్వీసులో చూద్దామన్న ముందు బ్రేకు కీచుమంది.

వెదురు చప్పుడు ఆగిపోయింది. ఫోను తెగిపోయింది.

తిరిగి చేశాను. అందుబాటులో లేరు అని తమిళంలో ఒకావిడ ఎంతో మర్యాదగా చెప్పింది. నాలుగుసార్లు చెప్పింది.

టీకొట్టు దగ్గర

చేతికి అందిన బండి తీశాను. అది ఎవరిదో, దానికి ఏమి రోగమో కూడా చూడలేదు. ఊరు దాటాక వాన పెరిగింది. దారంతా నేను ఆలోచించింది ఆమె గురించి అని రాయాలని ఉంది. నిజానికి సగం దారి, రేపు నన్ను ఎవరెవరు ఏమి అడుగుతారు, ఏమి చెప్పాలి అని ఆలోచించాను. బంకులో పెట్రోలు సరిలేదు అనే మాట రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. భయం మనిషిని మంచివాణ్ణి చేస్తుందని అనుకోకండి. ముందు అది అబద్ధం తయారు చేసి పెడుతుంది.

కొండ మొదట్లో ఒక టీకొట్టు ఉంది. దాని ముందు బండి. బండి పక్కన బల్లమీద ఎస్తేరమ్మ, ఒళ్ళో టీకాల పెట్టె, చేతిలో గ్లాసు. టీ సగం కొంగుమీదే పడి ఉంది. నేను దిగాను. స్టాండు వేయడం మరచి, ఆ తెలియనివాళ్ళ బండిని పడేశాను.

"నిదానంగా రాండన్నా," అంది. "ఆయన పైనే ఉండారు. మనల్ని చూసేదానికి దిగి రాలేదు."

జరిగింది ముక్కలుగా చెప్పింది. బండి అడ్డం తిరిగేటప్పుడు కాలు జారి, అలవాటు కొద్దీ చేయి ముందు బ్రేకును పట్టుకుంది. "అంతదాకా చెవులు ఆడిస్తా ఉండిరి అన్నా. ఆ కీచుమనేది వింటానే ఆడించేది నిలిపినారు. రెండడుగులు ముందుకొచ్చిరి. నేను బ్రేకు వదిలేస్తిని. తరువాత ఎట్ల దిగితినో నాకు తెలీదు. యేసప్పకే తెలుసు."

నాకు అనడానికి హాస్యమేమీ దొరకలేదు. జీవితంలో అది మొదటిసారి.

ఆమె దగ్గర తాళంచెవి తీసుకుని పెట్రోలు మూత తెరవబోయి ఆగాను. మూత చుట్టూ గుంటలో వాననీళ్ళు నిండుగా నిలిచి ఉన్నాయి. ఆ గుంటలో ఒక చిల్లు ఉంటుంది, ఆవగింజ పట్టేంత. గుంటలో పడ్డ నీళ్ళు దానిగుండా సన్నని గొట్టంలోకి దిగి నేలమీద పోవాలి. అది మూసుకుపోతే నీళ్ళు నిలిచి, మూత కింది పాత రబ్బరు పక్కగా రాత్రంతా ట్యాంకులోకి దిగుతాయి. బండిని తయారు చేసినవాడు అన్నీ ఆలోచించాడు. నన్ను తప్ప.

"ఒక పిన్ను ఇస్తారా?"

కొంగుకున్న సేఫ్టీపిన్ను తీసి ఇచ్చింది. చిల్లులో పొడిచాను. గట్టిగా ఉన్నదేదో విరిగి, గుంటలోని నీళ్ళు గిర్రున తిరిగి మాయమయ్యాయి. పిన్ను కొనకు పసుపుపచ్చని పెళుసు ముక్క.

టీకొట్టాయన మా వెనక నిలబడి చూస్తూ, "వానకు మట్టి కొట్టుకొచ్చి అడ్డంపడి ఉంటాదిలే," అన్నాడు తమిళంలో. బంగారంలాంటి మాట. అవును అంటే చాలు. ముప్పై ఏళ్ళు నేను బతికింది అటువంటి మాటల మీదే.

ఎస్తేరమ్మ పిన్ను తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది చందనం గదా అన్నా."

"అవునమ్మా."

"మీరు పెట్టిందే గదా."

"నేను పెట్టిందే. పెట్రోలు బాగానే ఉంది. రెండుసార్లు మీరు వచ్చినా నేను ట్యాంకు చూడలేదు. మేడు అన్నారు, వినలేదు. బ్రేకు కూడా నేనే చూడలేదు."

ఆమె పిన్నును కొంగుతో తుడిచి మళ్ళీ కొంగుకే పెట్టుకుంది.

"చక్రానికి చాలంటిని గదా," అంది. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు.

మళ్ళీ తాళంచెవి

ట్యాంకులోని పెట్రోలంతా టీకొట్టాయన ఇచ్చిన సీసాల్లోకి దింపాను. అడుగున నీళ్ళు, మీద పెట్రోలు, మధ్య గీత గీసినట్టు. కార్బొరేటర్ గిన్నె తుడిచాను, పైన తేరిన మంచి పెట్రోలు తిరిగి పోశాను. బండి సంచీలో ఉన్న స్పానర్లతో బ్రేకు డ్రమ్ము విప్పి ఆ రోడ్డు పక్కనే రుద్దాను. టీకొట్టాయన దగ్గర చెంబు అడిగి, మామ చేసినట్టే, బండిమీద మూడు చెంబుల నీళ్ళు గుమ్మరించాను. గుంటలో పడ్డ నీళ్ళు కింద నేలమీదికి కారాయి. ఫారెస్టువాళ్ళ జీపు వచ్చి, పెద్దాయన లోయవైపు దిగిపోయారని చెప్పి వెళ్ళింది.

అంతా అయ్యాక ఆమె చేయి చాపింది.

"ఇవ్వండన్నా. ఐసు మధ్యాహ్నందాకానే నిలుస్తాది. పైన పిల్లోళ్ళను పెట్టుకోని తల్లులు కాచుకోనుంటారు."

నేను తాళంచెవి ఇవ్వలేదు. ఇవ్వలేకపోయాను.

"ఇప్పుడు నిలవదు గదా?" అని అడిగింది.

నిలవదు అనే మాట అప్పటికి నేను కొన్నివేల సార్లు చెప్పి ఉంటాను. ఆ రోజు నోరు తెరిస్తే రాలేదు. "నేను వెనకే వస్తాను," అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ముందు, నేను వెనక. చూపు రోడ్డుమీద లేదు, ఆమె బండి పొగగొట్టంమీద ఉంది. ఒక్క దగ్గు వినిపిస్తే చాలు అని చెవులు రిక్కించుకుని ఎక్కాను. మలుపు వచ్చింది. రోడ్డుమీద విరిగిన వెదురు, ఇంకా ఆవిరి లేస్తున్న పేడ. ఆమె బండి వేగం తగ్గలేదు, దగ్గలేదు, మలుపు తిరిగిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నేను మాత్రం పక్కల, వెనక, పైన, అన్నివైపులా చూశాను. ఆగితే దిగి పరిగెత్తే మొదటి మనిషిని నేనేనని నాకు తెలుసు.

మర్నాడు ఆమె నన్ను పాత బంకుకు తీసుకుపోయి, ఆ కుర్రవాడి ముందు నిలబెట్టి, "చెప్పండన్నా," అంది. చెప్పాను. వాడికి ఏమీ అర్థం కాలేదు గాని, సంతోషించాడు.

కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. వాన బండి వస్తే ఎలా ఆగుతుంది అని కాదు, ఎక్కడ ఆగుతుంది అని అడగండి. వీలైతే ఆ చోటికి మీరే తొక్కుకుంటూ వెళ్ళి, అక్కడ నిలబెట్టి చూడండి. అక్కడ మీకు వేసే భయం ఆ బండి మనిషిది. కాసేపు మీరు మోస్తే అరిగిపోరు.

మరుసటి ఆయుధ పూజకు ఎస్తేరమ్మ బండి తెచ్చింది. రాదనుకున్నాను. నేను చందనం గిన్నెతో నిలబడి ఉంటే, ముందు చక్రంవైపు వేలు చూపించింది. వంగాను. చందనంలో ముంచిన వేలు చక్రందాకా పోయి ఆగింది.

"భయపడవద్దన్నా," అంది. "చక్రానికి చిల్లు లేదు."

ట్యూబుకు గాలికొట్టే వాల్వు ఉంటుందని నేను ఆమెకు చెప్పలేదు. చందనాన్ని మాత్రం దానికి జానెడు దూరంలో పెట్టాను.